బంగారం అయిపోయి మూతపడలే: కోలార్ గని, హట్టి గని, మన గద్వాల రాళ్లు

తులం లక్ష దాటిన కాడినుంచి మా చుట్టాల గ్రూపుల ఒకటే మెసేజ్ తిరుగుతుంది. కర్ణాటకల ఉన్న కోలార్ గనిల ఇంకా లక్షల కోట్ల బంగారం ఉంది, కావాలనే మూసి పెట్టిండ్రు, మళ్ల తెరుస్తున్నరు అని. దాని కిందనే ఇంకొకాయన "అదేం లేదు, ఉన్నదంతా తెల్లోళ్లు ఎత్తుకపోయిండ్రు, ఇప్పుడు ఆడ మిగిలింది ఉత్త బొందలే" అని పెడ్తడు. మొన్న మహబూబ్‌నగర్ల ఒక పెండ్లికి పోతే బంతిల కూడ ఇదే పంచాయితీ. మా మేనమామ అయితే "మన గద్వాల కాడ కూడ ఉందంట కదరా, మరి ఎవ్వరు తవ్వరేంది" అని నన్నే పట్టుకున్నడు, డిగ్రీల జియాలజీ చదివిన పాపానికి. ఆడ పప్పు చల్లారేలోపు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్న.

గ్రూపుల కొట్లాడుకునే ఇద్దరిదీ ఒకటే పొరపాటు. గనిల బంగారం ఉంటే గని నడవాలె, గని మూతపడ్డదంటే బంగారం అయిపోయినట్టు, ఇట్ల అనుకుంటరు. ఈ రెండింటికి అంత దగ్గరి సంబంధం లేదు.

ఖనిజం వేరు, ఓర్ వేరు

రాయిల సహజంగ ఉండే పదార్థం ఏదైనా ఖనిజమే, పలుగురాయి ఖనిజం, అబ్రకం ఖనిజం, బంగారం కూడ ఖనిజం. ఓర్ అనేది మాత్రం లెక్కల మాట. తవ్వి, పైకి తెచ్చి, దంచి, లోహం తీసి అమ్మితే ఖర్చులు పోను పైసలు మిగిలే రాయిని ఓర్ అంటరు. తెలుగుల ముడి ఖనిజం అని రాస్తరు గాని ఆ మాటల ఈ పైసల సంగతి కనపడదు, అందుకే నేను ఓర్ అనే అంటున్న. టన్ను రాయిల ఎన్ని గ్రాముల లోహం ఉందో దాన్ని గ్రేడ్ అంటరు.

ఇది ఎంత పాత సంగతో చూడాలంటే గడియారం చౌరస్తా వెనక అవుసలోళ్ల దుకాణాలున్న గల్లీకి పొద్దుగాల పొద్దుగాల పోవాలె. షట్టర్లు లేవకముందే ఒకామె చిన్న చీపురు పట్టుకొని దుకాణాల ముంగట మట్టి, మోరి అంచున ఉన్న బురద ఊడ్చి బొచ్చెల ఎత్తుకుంటది. ఆకురాయి పట్టినప్పుడు రాలిన రజను, గాలికి ఎగిరి బయట పడ్డది, అదే ఆమె పంట. ఇంటికి తీస్కపోయి బొచ్చె నీళ్లల్ల ముంచి గుండ్రంగ తిప్పుకుంట పైమట్టి వదిలేస్తది, బరువున్నది అడుగున నల్లటి గీత లెక్క మిగుల్తది, దాంట్ల ఉంటయి మెరుపులు. జలగరోళ్లు అని మన దగ్గర దీనికి పాత పేరే ఉంది. ఒకసారి నిలబడి మాట్లాడిస్తే, రేటు తక్కువున్నప్పుడు నాలుగు దుకాణాల ముందర ఊడ్చి ఊకుంటుండె అట, ఇప్పుడు గల్లీ చివరిదాకా ఊడుస్తున్నదట. గల్లీ చివరి మట్టిల బంగారం మునుపూ ఉండె, ఇప్పుడూ ఉంది. మునుపు అది మట్టి, ఇప్పుడు ఓర్, అంతే తేడా. రేటు పడితే మళ్ల మట్టే.

పలుగురాయిలకు బంగారం ఎట్ల వచ్చింది

మన పాలమూరు, నల్గొండ దిక్కు యాడ చూసినా గుండ్లు, గుట్టలే కదా, అదంతా గ్రానైటు, నైస్ జాతి రాయి. ఈ గట్టి రాయి మధ్య మధ్యల ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగ పొడుగ్గ నల్లటి, పచ్చబారిన నలుపు రాళ్ల పట్టీలు పోతుంటయి. వీటిని శిస్ట్ బెల్టులు అంటరు. కోలార్ బెల్ట్ దాదాపు 80 కిలోమీటర్ల పొడుగు, వెడల్పు చూస్తే నాలుగైదు కిలోమీటర్లే. హట్టి ఒక బెల్ట్, గద్వాల ఒక బెల్ట్, నల్గొండల పెద్దవూర ఒక బెల్ట్. అన్నీ ధార్వాడ్ క్రేటన్ అనే ఒక్క పాత నేల ముక్కలోనివే.

ఇవి దాదాపు 270 కోట్ల ఏండ్ల కింద సముద్రం అడుగున పారిన లావా. తర్వాత మడతలు పడి, నలిగి, వేడికి మారిపోయినయి. అట్ల నలిగేటప్పుడు లోపల పెద్ద పెద్ద పగుళ్లు పడ్డయి, ఆ పగుళ్లల్ల నుంచి మూడు నాలుగు వందల డిగ్రీల వేడి నీళ్లు పైకి ఎక్కినయి. ఉత్త నీళ్లు కాదు, దాంట్ల గంధకం, సిలికా, దాంతోపాటు కంటికి కనపడనంత బంగారం కరిగి ఉంటది. బంగారాన్ని నీళ్లల్ల పట్టి ఉంచేది ఆ గంధకమే. చుట్టూ ఉన్న లావా రాయిల ఇనుము ఎక్కువ, గంధకం పోయి ఇనుముకు అంటుకుంటది, పట్టుకున్న చెయ్యి వదిలేసేసరికి బంగారం ఆడనే పడిపోతది. పగులు తెరుచుకొని ఒత్తిడి తగ్గినప్పుడు కూడ ఇట్లనే అయితది. సిలికా గడ్డకట్టి తెల్లటి పలుగురాయి అయితది. ఇట్ల పగులు నిండ గట్టిపడ్డ తీగనే లోడ్ అంటరు.

కోలార్ల అసలైన తీగ పేరు ఛాంపియన్ లోడ్. ఎనిమిది కిలోమీటర్ల పొడుగు, మందం సగటున ఒక మీటరు అటు ఇటు, కిందికి మూడు కిలోమీటర్లకు పైన. అంటే గోడ లెక్క నిలువుగ పాతిన పలక అన్నట్టు. "బంగారు గని" అంటే లోపల పసుపుపచ్చ గుహ ఏదో ఉంటదనుకుంటరు గాని మంచి ఓర్ల కూడ శానాసార్లు బంగారం కంటికి కనపడదు.

ఇంకో మాట, పలుగురాయి ఉన్నకాడల్లా బంగారం ఉండదు. మన చెల్కలల్ల తెల్లగ మెరిసే పలుగురాళ్లు ఎన్ని లేవు, చిన్నప్పుడు చీకట్ల రెండు రాళ్లు కొట్టి నిప్పురవ్వలు లేపిన రాళ్లే అవి, వాటిల్ల నూటికి తొంభై తొమ్మిది ఉత్త సిలికానే.

పాతోళ్లు తవ్వి వదిలేసిన గుంతల కిందనే

హట్టి రాయచూర్ జిల్లా లింగ్‌సుగూర్ తాలూకల ఉంది. గద్వాలోళ్లది కృష్ణ తుంగభద్రల మధ్య నడిగడ్డ అయితే అది అదే నడిమి నేలకు పడమటి కొస. 1956 దాకా అది మన హైదరాబాద్ రాష్ట్రమే. ఆడ ఇంగ్లీషోళ్ల ఇంజనీర్లు గని మొదలుపెట్టినప్పుడు వాళ్లకంటే ముందే ఎవరో తవ్విన గుంతలు కనపడ్డయి, కొన్ని 640 అడుగుల లోతు. వాటిల్ల దొరికిన కట్టె ముక్కలకు కార్బన్ పరీక్ష చేస్తే రెండు వేల ఏండ్ల చుట్టూ తేలింది.

మందుగుండు లేని రోజుల్ల అంత లోతుకు ఎట్ల పోయిండ్రు అంటే మంటతోని. రాయి మీద కట్టెలు పేర్చి కాల్చి, ఎర్రగ కాగినంక నీళ్లు కొడితే రాయి పటపట పగుల్తది. వడ్డెరోళ్లు బండ మీద మంట పెట్టి పొర లేపుడు చూసినోళ్లకు ఇది కొత్తగ చెప్పనవసరం లేదు, బండ లోపల "టంగ్" మని ఒక శబ్దం వస్తది, దాన్ని బట్టి యాడిదాకా లేచిందో వాళ్లకు ఎరుకైతది. ఆ పని 640 అడుగుల కింద, పొగల, మోకాళ్ల లోతు నీళ్లల్ల చేసిండ్రంటే ఒక్కసారి ఆలోచించండి. నీళ్లు తోడలేని లోతు కాడనే వాళ్ల గని ఆగిపోయి ఉంటదనేది నా అంచనా. కింద తీగ మాత్రం అట్లనే ఉంది.

హట్టికి దగ్గరనే మస్కి. 1915ల బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు ఆ చుట్టుపక్కల తిరుగుతుంటే ఒక బండ మీద రాత కనపడ్డది. చదివి చూస్తే అశోకుని శాసనం, అందులో "అశోక" అన్న పేరే ఉంది. అప్పటిదాకా దొరికిన శాసనాలల్ల దేవానాంప్రియ, ప్రియదర్శి అనే బిరుదులు తప్ప పేరు లేదు. బంగారం కోసం పోయినోడు చరిత్రకు పేరు తెచ్చిపెట్టిండు.

కోలార్ల కూడ కథ ఇట్లనే. 1802ల జాన్ వారెన్ అనే మిలిటరీ ఆఫీసరు సర్వే పని మీద వచ్చి, ఈడ బంగారం ఉందంటరు, చూపిస్తే ఇనాం అన్నడు. ఊరోళ్లు బండ్ల మీద మట్టి తెచ్చి ఆయన కండ్ల ముందటనే కడిగి చూపిచ్చిండ్రు. వాళ్ల పద్ధతిల సుమారు 56 కిలోల మట్టికి ఒక గ్రెయిన్ బంగారం వచ్చేదట, అంటే 65 మిల్లీగ్రాములు, అంటే టన్నుకు గ్రాము పైచిలుకు. 1870లల్ల లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు సర్కారు దగ్గర తవ్వే హక్కు తీసుకున్నడు గాని పైసలు సరిపోలేదు. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. వాళ్లకు కూడ మొదటి నాలుగైదేండ్లు ఏం దొరకక, షేర్‌హోల్డర్లు మూసేద్దామన్న దాకా వచ్చింది. ఆఖరి పైసలతోని పాతోళ్లు వదిలేసిన గుంతల కిందికి తవ్వితే ఛాంపియన్ లోడ్ తగిలింది. వదిలేసిన గని అని దాన్ని కూడ వదిలేసి ఉంటే కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) అనే ఊరే లేదు.

ఆ తర్వాతది తొందరగ చెప్తా. 1902ల కావేరి మీద శివనసముద్రం కాడ కరెంటు తీసి 140 కిలోమీటర్లకు పైన తీగలు లాగి గనికి ఇచ్చిండ్రు, బెంగళూరు వీధి దీపాల కంటే ముందు. 1905ల ఒక్క ఏడే 19 టన్నుల దాకా బంగారం వచ్చింది. పనిచేసింది ఎక్కువగ తమిళ జిల్లాల పేద కూలీలు, వాళ్లతోపాటు చిత్తూరు దిక్కు తెలుగోళ్లు.

లోతుకు పోయేకొద్ది లెక్క ఎట్ల మారుతది

దీనికి మన బోరు కంటే మంచి ఉదాహరణ లేదు. నా చిన్నప్పుడు మా బాయికాడ 180 అడుగులకు నీళ్లు పడ్డయి. తర్వాత 400, మొన్న వేసింది 850, నీళ్లు పడ్డయి గాని ఇంచు కూడ లేవు. కింద నీళ్లు లేవా అంటే ఉన్నయి, కాని కేసింగ్, మోటరు, పైపులు, కరెంటు లెక్క కడితే ఆ నీళ్లతోని పండే వడ్లకు గిట్టదు. కోలార్ గని అడుగు 10,500 అడుగులు, 3.2 కిలోమీటర్లు. మన వెయ్యి అడుగుల బోర్లు పది ఒకదాని కింద ఒకటి నిలబెట్టినట్టు.

ఆ లోతుల మూడు సమస్యలు ఒకేసారి మీద పడ్తయి. మొదటిది వేడి, రాయే 60 డిగ్రీలు దాటి ఉంటది, చెయ్యి పెడితే కాల్తది, పైనుంచి చల్లగాలి కొడ్తనే ఉండాలె. రెండోది దూరం, ఒక్క లిఫ్టుల అడుగుదాకా పోలేరు, మధ్యల దిగి ఇంకో షాఫ్ట్ల, అంటే ఇంకో నిలువు బాయిల, లిఫ్టు ఎక్కి పోవాలె, షిఫ్టుల ఎంత టైము పోనురానే అయిపోతదో మీరే లెక్కేయండి, రాయి కూడ అట్లనే అంచెలంచెలుగ పైకి రావాలె.

మూడోది బరువు. ఘనపు మీటరు రాయి దాదాపు 2.7 టన్నులు. మూడు వేల మీటర్ల లోతుల ఒక చదరపు మీటరు మీద 8,100 టన్నుల రాయి కూసొని ఉంటది. ఆడ మీరు తీగను తీసేసి ఖాళీ చేస్తే ఆ బరువంతా పక్క గోడల మీదికి పోతది, గోడ పట్టలేకపోతే ఒక్కసారి పేలుతది. దీన్ని రాక్‌బర్స్ట్ అంటరు. 2025 ఫిబ్రవరిల దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) టన్నెల్ల 8 మంది చిక్కుకున్నప్పుడు దీన్నీ దాన్నీ కలిపి రాసినోళ్లున్నరు, రెండు ఒకటి కాదు. టన్నెల్ల జరిగింది నలిగిన మెత్త రాయి, నీళ్లు, బురద కలిసి కప్పు కూలుడు. రాక్‌బర్స్ట్ దానికి ఉల్టా, రాయి ఎంత గట్టిగ ఉంటే అంత గట్టిగ పేలుతది. కేజీఎఫ్ల ఇది జరిగితే పైన ఇండ్లల్ల భూకంపం వచ్చినట్టు కదిలేదట, దీని మీదనే దశాబ్దాల పాటు పరిశోధన నడిచింది.

అదే లోతు వేరేటోళ్లకు వరమైంది. పైన అంత రాయి అడ్డం ఉంటే ఆకాశం నుంచి వచ్చే మిగతా కణాలన్నీ ఆగిపోతయి, అందుకే 1965ల న్యూట్రినోలు అనే కణాలను మన టాటా ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టులు, జపాన్, ఇంగ్లండ్ వాళ్లతోని కలిసి ఈ గనిల పట్టుకున్నరు.

ఇప్పుడు గ్రేడ్ సంగతి. మొదట్ల టన్నుకు 40 గ్రాములకు పైన వచ్చింది, చివరికి 3, 4 గ్రాముల కాడికి దిగింది. 2001ల గ్రాము బంగారం సుమారు 430 రూపాయలు. టన్నుల 4 గ్రాములుండి, దంచి తీసినంక 90 శాతం చేతికొస్తే 3.6 గ్రాములు, అంటే సుమారు 1,550 రూపాయలు. ఆ టన్నును మూడు కిలోమీటర్ల కిందినుంచి తేవడానికి, నీళ్లు తోడడానికి, గాలి కొట్టడానికి, జీతాలకు కలిపి ఉదాహరణకు 3,000 అయిందనుకోండి, ప్రతి టన్నుకు 1,450 నష్టం. ఎంత ఎక్కువ తవ్వితే అంత ఎక్కువ లాసు. అదే 40 గ్రాముల రాయి అయితే అదే రేటుకు 15,000 పైన వచ్చేది, ఖర్చు పోయినా పండగే. మరి తులం లక్ష లెక్కన గ్రాముకు 10,000 అనుకుంటే ఆ 4 గ్రాముల రాయే 36,000. మెసేజ్‌లు తిరిగేది ఈ ఒక్క గుణకారం చూసి. ఖర్చు గడి ఖాళీగ వదిలేస్తరు.

2001ల మూసుడు ఎవరి తప్పు అన్నకాడ రెండు వాదనలు

గని 1956ల మైసూరు సర్కారు చేతికి, 1962ల కేంద్రం చేతికి వచ్చింది, 1972ల భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయింది. 2001 ఫిబ్రవరి 28న మూసిండ్రు. మొత్తం 120 ఏండ్లల్ల 800 టన్నుల చుట్టూ బంగారం తీసిండ్రు. ఇది ఎంత అంటే ఇప్పుడు మన దేశం ఒక్క ఏడాదిల బయటనుంచి కొనేటంత!

మూసుడు తప్పదన్నోళ్ల వాదన సీదా ఉంటది: గ్రేడ్ పడ్డది, లోతు పెరిగింది, ప్రపంచంల బంగారం రేటు అప్పుడు ఔన్సుకు (సుమారు 31 గ్రాములకు) 270 డాలర్ల కాడ మూలుగుతుండె, ఏండ్ల తరబడి నష్టం, జనం సొమ్ముతోని ఎన్నాళ్లు నడుపుతరు.

కార్మికుల సంఘాలది వేరే లెక్క. సర్కారు చేతికి వచ్చినంక బంగారాన్ని ఔన్సుకు 35 డాలర్ల అధికార రేటుకే ఇయ్యాల్సి వచ్చింది, అంటే 10 గ్రాములకు 53 రూపాయల 58 పైసలు, అదే టైముల మన బజార్ల దాదాపు డబుల్ ధర. ఆ తేడా గనికి వచ్చి ఉంటే కొత్త తీగలు వెతకడానికి, మిషన్లు మార్చడానికి పైసలుండేవి కదా అంటరు. ఛాంపియన్ లోడ్‌కు పడమర దిక్కు గంధకం ఎక్కువున్న వేరే తీగలున్నయి, వాటిని సరిగ్గ పట్టించుకోలేదు అని కూడ అంటరు.

నాకైతే రెండూ నిజమే అనిపిస్తది. వేరే వేరే కాలాల గురించి మాట్లాడుతున్నరు. 1960లల్ల నష్టం కాగితం మీద తయారైన నష్టం, 1990లకు వచ్చేసరికి అది నిజంగనే రాయిల ఉన్న నష్టం.

మరి హట్టి ఎట్ల బతికింది

హట్టి కూడ ఒకసారి చచ్చిందే. 1902 ప్రాంతంల నిజాం ఇలాకాల కంపెనీ పెట్టి మొదలుపెట్టిండ్రు, 1920 నాటికి పెట్టుబడి లేక మూతపడ్డది. పాతోళ్లది కలుపుకుంటే రెండోసారి. 1947ల నిజాం సర్కారు హైదరాబాద్ గోల్డ్ మైన్స్ అని కొత్త కంపెనీతోని మళ్ల మొదలుపెట్టింది, 1956ల రాష్ట్రాలు మారినంక పేరు హట్టి అయింది. ఇప్పటికీ నడుస్తుంది, ఏడాదికి ఒకటిన్నర టన్నుల చుట్టూ తీస్తది.

రాళ్లు రెండుచోట్ల ఒకే జాతి. కోలార్ లోతుల హట్టి మూడోవంతు చుట్టూనే, ఒక్క తీగ కాకుండ పక్కపక్కన చాలా తీగలున్నయి, ఒకటి సన్నబడితే ఇంకోదాని మీదికి పోవచ్చు. కోలార్ బాగా దొరికిన ఒక్కదాని వెంబడి కిందికి పోయి పోయి ఇరుక్కున్నది.

మళ్ల తెరుస్తున్నరు అంటే ఏది తెరుస్తున్నట్టు

మెసేజ్‌లల్ల మూడు వేరే సంగతులు కలిపేస్తున్నరు.

పాత లోతు గని తెరవడం ఒకటి. మోటర్లు బందైనంక లోపల నీళ్లు నిండినయి. వెయ్యి కిలోమీటర్లకు పైన సొరంగాలు, ఎన్నేండ్లుగనో నీళ్లల్ల నాని ఉన్న కట్టె దిమ్మెలు, ముందే ఒత్తిడి తిన్న గోడలు. ఆ నీళ్లు తోడితే గోడలు ఎట్ల కదుల్తయో ఎవ్వరికీ ధైర్యం చాలదు. రెండోది పడమటి దిక్కు ఇంకా తవ్వని తీగలను పైనుంచి కొత్తగ వెతుకుడు, ఇది బుద్ధికి అందేదే గాని డ్రిల్లింగుకే ఏండ్లు పడ్తది.

నిజంగ ముందుకు కదిలింది మూడోది, దిబ్బల పని. రాయిని పిండి చేసి సైనైడు నీళ్లతోని బంగారం కరిగిచ్చి తీసినంక మిగిలిన బూడిద రంగు పిండిని టెయిలింగ్స్ అంటరు. కేజీఎఫ్ల అది వందేండ్లు పోసి పోసి గుట్టలు గుట్టలైంది, ఆడోళ్లు సైనైడు గుట్టలనే అంటరు. అప్పటి పద్ధతికి అందని బంగారం టన్నుకు గ్రాము లోపే దాంట్ల మిగిలింది. కోలార్ రాయిల మొదట్లున్న 40 గ్రాములతోని పోలిస్తే ఇది ఏం లేనట్టే, కాని ఇది తవ్వనవసరం లేదు, దంచనవసరం లేదు, భూమి మీదనే ఉంది. గల్లీ చివరి మట్టి కథే ఇది. 2024 జూన్ల కర్ణాటక కేబినెట్ ఒప్పుకున్నది ఇట్లాంటి 13 దిబ్బల గురించే, సుమారు వెయ్యి ఎకరాలు. అది చదివి "కేజీఎఫ్ మళ్ల తెరిచిండ్రు" అని రాసేసిండ్రు.

దిబ్బలు కదిలిస్తే ఆ పిండి లేస్తది, ఎండాకాలం గాలికి ఇప్పటికే ఇండ్లల్లకు, అన్నం గిన్నెలల్లకు వస్తదని ఆడ ఉండేటోళ్ల మొర. దిబ్బలు తీసేస్తే పీడ పోతదని కొందరు, తీసేటప్పుడే ఎక్కువ పీడ అని కొందరు. తడిపి తీస్తరా, తీసిన పిండిని మళ్ల యాడ పోస్తరు అన్నది తేలితేనే ఎవరిది నిజమో తేల్తది.

మరి గద్వాల

ఉందా అంటే, ఆనవాళ్లున్నయి. గద్వాల బెల్టుల జియాలజికల్ సర్వే వాళ్లు బంగారం జాడలు చూసిండ్రు. ఆనవాలు నుంచి ఓర్ దాకా మస్తు దూరం ఉంటది. ముందు మట్టి, రాళ్ల నమూనాలు, తర్వాత కందకాలు, తర్వాత గళ్లు గీసినట్టు వరసల్ల డ్రిల్లింగ్, ప్రతి బోరు నుంచి తీసిన రాయి కడ్డీని మీటరు మీటరుకు కోసి పరీక్ష. తీగ ఎంత పొడుగు, ఎంత మందం, ఎన్ని గ్రాములు అనేది అన్ని బోర్లల్ల ఒకదానికొకటి కలిస్తేనే టన్నుల లెక్క వస్తది. ఒక్క బోరుల 10 గ్రాములు తగిలి పక్క బోరుల సున్న వస్తే అది వార్తకు పనికొస్తది, గనికి పనికిరాదు.

మా మేనమామ ఇవన్నీ విని, లోపలికి పోయి ఒక పలుగురాయి తెచ్చిండు, చెల్కల దొరికిందట, పసుపుగ మెరుస్తున్నది, నాలుగేండ్లనుంచి బీర్వాల దాచి పెట్టిండు. ఇద్దరం అవుసలాయన కాడికి పోయినం. ఆయన మెరుపున్న ముక్క చిన్నది గిల్లి దాయి మీద పెట్టి సుత్తెతోని ఒక్కటి కొట్టిండు. బంగారమైతే రేకు లెక్క సాగుతది. ఇది నల్లటి పొడి అయింది, నిప్పుల మీద వేస్తే అగ్గిపుల్ల వాసన వచ్చింది, గంధకం. పైరైటు. మామ రాయి మిగతా ముక్కను రుమాల్ల చుట్టుకొని జేబుల పెట్టుకున్నడు, "గంధకం ఉన్నకాడ బంగారం ఉంటదని నువ్వే అన్నవ్ కదరా" అనుకుంట బండి స్టార్ట్ చేసిండు.